దూలం మీది ఎలుక, పునాది కింది పందికొక్కు

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ లాంటి పాత రైల్వే పేటల్లో "ఇంట్లో ఎలుకలు పడ్డాయి" అని ఎవరైనా అంటే, వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: పైనా, కిందా? ఎందుకంటే ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు జంతువులున్నాయి. ఒకటి అటక, చూరు, దూలం, కేబుల్ తీగ, మామిడి కొమ్మల మీదుగా తిరుగుతుంది. రెండోది మురుగు కాలువ గట్టునో గోడ పునాదినో తవ్వుకుని బతుకుతుంది. మొదటిది తవ్వడానికి పెద్దగా ఇష్టపడదు, రెండోదానికి ఎక్కడం సరిగా రాదు. బోను తెచ్చి వంటింటి మూల పెట్టేసి, పొద్దున్నే ఖాళీ బోను చూసి విసుక్కునే ఇళ్లలో చాలావాటికి ఈ తేడా తెలియకపోవడమే సమస్య.

ఎక్కే ఎలుకను నల్ల ఎలుక అనీ ఇంటి ఎలుక అనీ అంటారు. శాస్త్రనామం రాటస్ రాటస్. 1758లో లినేయస్ దీన్ని తన జాబితాలో చేర్చాడు. పేరుకు నల్ల ఎలుకే గానీ మన దేశంలో కనిపించేవి ఎక్కువగా గోధుమరంగువి. పొట్ట కింద బూడిద రంగో తెలుపో ఉంటుంది. బరువు 100 నుంచి 200 గ్రాములు. దీని పుట్టిల్లు భారత ఉపఖండమే. ఇక్కడి నుంచి ధాన్యం, సరుకుల వెంట ప్రయాణం కట్టి రోమన్ల కాలానికి యూరప్ చేరింది, తరవాత ఓడలెక్కి ప్రపంచమంతా పాకింది. ఖరగ్‌పూర్ బెంగాలీలు దీన్ని గెఛో ఇందూర్ అంటారు, అంటే చెట్టెలుక. ఇంట్లో దొరికినా చెట్టెలుకే అనడం వాళ్ల గమనింపు.

తవ్వే జంతువు చిన్న పందికొక్కు. దీని శాస్త్రనామం బాండికోటా బెంగాలెన్సిస్‌లోనే బెంగాల్ ఉంది. బరువైన శరీరం, మొద్దు మూతి, పొట్టి తోక. వరి పొలాల్లో బొరియలు తవ్వి వెన్నులు లోపల దాచుకునేది ఇదే. దీని అన్న పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది. మూడో రకం గోధుమ ఎలుక, అంటే నార్వే ఎలుక. ప్రయోగశాలల్లోని తెల్ల ఎలుకలన్నీ దీని సంతతే. మన దేశంలో ఇది ప్రధానంగా ఓడరేవు నగరాల జీవి.

ఖరగ్‌పూర్‌కు వీటిలో ఎక్కేదాన్నీ తవ్వేదాన్నీ పోషించే లక్షణాలున్నాయి. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చాకే ఇది పట్నమైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు రైల్వే పనులకు తరలివచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఈ జనాభాయే కారణం. స్టేషన్‌లోని 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటాయి. పొడవాటి ప్లాట్‌ఫారాలు, గూడ్సు షెడ్లు, వరసగా కట్టిన క్వార్టర్లు, వాటి మధ్య పెరిగిన మామిడి, పనస, కొబ్బరి చెట్లు. కింద తవ్వుకునేదానికి మట్టి, పైన తిరిగేదానికి దారి, రెండింటికీ తిండి సమకూరాయి.

ఇక ఎక్కడం సంగతి. నల్ల ఎలుక పాదాన్ని దగ్గరగా చూస్తే సగం విషయం అర్థమవుతుంది. ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు. బొటనవేలు ఉండాల్సిన చోట చిన్న బుడిపె మాత్రం ఉంటుంది. వెనక కాళ్లకు ఐదేసి. అరికాలిలో ముందు ఐదు, వెనక ఆరు మెత్తటి దిండ్లు. నల్ల ఎలుకకు ఈ దిండ్లు పెద్దవి, వాటి మీద సన్నటి గీతలు గట్లుగా ఉంటాయి. ఒళ్లంతా చెమట పట్టని ఈ జంతువుకు చెమట గ్రంథులు ఉన్నది ఆ అరికాళ్లలోనే. గరుకు ఇటుక మీద, చెక్క మీద గోళ్లు దిగబడతాయి. గోరు దిగని చోట ఆ తడి దిండ్లు అంటుకుంటాయి. రెండూ పనిచేయనిది నున్నటి గాజు, కొత్త ఇనుప రేకు, మెరుపు టైలు మీదే.

తోక మరో సంగతి. నల్ల ఎలుక తోక దాని ఒంటి పొడవు కంటే ఎక్కువ. గోధుమ ఎలుకకూ పందికొక్కుకూ ఒంటి కంటే పొట్టి. చేతిలో ఎలుక లేకపోయినా, పారిపోతున్న దాని తోక చూసి ఏ రకమో చెప్పొచ్చు. తీగ మీద నడిచేటప్పుడు నల్ల ఎలుక తోకను ఒరిగిన వైపుకు ఎదురుగా తిప్పుతూ తూకం నిలుపుకుంటుంది. తీగ మరీ ఊగితే తోకను దాని మీదికి వంచి ఆనుకుంటుంది గానీ, దాంతో వేలాడలేదు. ఆ తోకే దానికి ఒంటి వేడిని బయటికి పంపే సాధనం కూడా. వెంట్రుకలు దాదాపు లేని ఆ పొలుసుల చర్మంలోకి వేసవి రాత్రుల్లో రక్తం ఎక్కువగా పారి చల్లబడుతుంది.

ఎలుక చూపు మందం. చీకట్లో దాని కన్నుల పని మీసాలు చేస్తాయి. మూతికి రెండు వైపులా ఉండే పొడవాటి మీసాలు సెకనుకు ఎనిమిదిసార్ల చొప్పున ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి. అడుగు వేసే ముందే తీగ ఎక్కడుందో, దూలం చివర ఎంత ఎడముందో అవి కొలిచి చెబుతాయి. మణికట్టు దగ్గర కూడా కొన్ని స్పర్శ వెంట్రుకలుంటాయి. ఒకసారి తిరిగిన దారిని ఎలుక ఒంటితో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, రోజూ అదే వాసం మీద, అదే మూల నుంచి పోతుంది. అందుకే దాని ఒంటి జిడ్డు అంటి ఆ దారి నల్లబడుతుంది. దూలాలు అడ్డుగా ఉన్న చోట కింది నుంచి వేలాడుతూ దాటుతుంది కనక దూలం అడుగున అర్ధచంద్రాకారంలో మరకలు పడతాయి. ఎలుకల్ని పట్టే పనిలో ఉన్నవాళ్లు మొదట టార్చి వేసి వెతికేది ఈ మరకల కోసమే.

అసలు ఎలుక ఎంత దూరం, ఎంత ఎత్తు పోగలదు? కొలిచి చెప్పిన లెక్కలున్నాయి. చదునైన నేల మీంచి నిలువుగా 90 సెంటీమీటర్ల దాకా ఎగరగలదు. అడ్డంగా 120 సెంటీమీటర్లు దూకగలదు. 4 నుంచి 10 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం లోపలి నుంచి వీపు ఒక పక్కకూ కాళ్లు మరో పక్కకూ నొక్కి పైకి పాకుతుంది. 7.5 సెంటీమీటర్ల లోపు గొట్టమైతే బయటి నుంచే కౌగలించుకుని ఎక్కుతుంది. అంతకంటే లావు గొట్టమైనా సరే, గోడకు అంటినట్టు బిగించి ఉంటే గోడకూ గొట్టానికీ మధ్య సందులో ఎక్కేస్తుంది. మన మేడల మీది వాననీటి గొట్టాలన్నీ గోడకు ఎలా బిగిస్తారో గుర్తు చేసుకుంటే చాలు. మరుగుదొడ్డి గొట్టం వెడల్పు కూడా ఈ కొలతలకు దగ్గరే. నీళ్లలో ఈదడంలో గట్టిదైన గోధుమ ఎలుక నగరాల్లో పై అంతస్తు మరుగుదొడ్లలోకి వచ్చేది ఆ దారినే.

అరంగుళం సందు ఉంటే ఎలుక దూరిపోతుందంటారు, అది నిజం. దానికి భుజం ఎముకలు లేవని, ఒళ్లు ముడుచుకుపోతుందని చెప్పేది మాత్రం పుక్కిటి పురాణం. జత్రువులతో సహా ఎముకలన్నీ ఉన్నాయి. తల పుర్రె పట్టేంత సందు కావాలి. తల పట్టిందంటే మిగతా ఒళ్లు సాగదీసుకుని వచ్చేస్తుంది.

పడిపోతే? దాదాపు 15 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగైదు అంతస్తుల నుంచి పడినా పెద్ద గాయం లేకుండా లేచి పరిగెత్తగలదు. దీని వెనక లెక్కను 1926లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒక వ్యాసంలో సామాన్యులకు అర్థమయ్యేట్టు చెప్పాడు. వెయ్యి గజాల లోతు గనిలో చుంచెలుక పడితే దులుపుకుని పోతుంది, ఎలుకైతే చస్తుంది, మనిషి నుజ్జవుతాడు అన్నది అక్కడ ఆయన సారాంశం. జంతువు పొడవు పదోవంతైతే దాని ఒంటి ఉపరితలం వందోవంతవుతుంది, బరువు మాత్రం వెయ్యోవంతుకు దిగిపోతుంది. కాబట్టి చిన్న జీవిని గాలి ఎక్కువగా ఆపుతుంది. ఎలుక ఈ లెక్కలో సరిహద్దు మీద నిలుస్తుంది: మేడ మీంచి పడితే బతుకుతుంది, గనిలో పడితే చస్తుంది. ఈ హాల్డేన్ 1957లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చి, భారత పౌరుడై, చివరికి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆ రెండు ఊళ్ల మధ్య రైలు ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది.

ఎక్కడంలో బరువే పెద్ద అడ్డు. గోధుమ ఎలుకకు చెట్టెక్కడం రాదని కాదు. న్యూజీలాండ్‌లో రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే రెండూ ఎక్కాయి, సన్నటి ఊగే ఆధారాల మీద మాత్రం నల్ల ఎలుకదే పైచేయి అయింది. లావైన కాండం వరకు పోటీ ఉంటుంది, కొమ్మ చివరకు వచ్చేసరికి ఉండదు. పందికొక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఉట్టికి ఎగరలేనమ్మ అంటే అదే. ఆ మాటకొస్తే ఉట్టి పిల్లిని ఆపగలదేమో గానీ, తాడు పట్టుకుని దిగే నల్ల ఎలుకను ఆపలేదు.

కొమ్మ చివరకు చేరగలగడం ఎంత పెద్ద విషయమో న్యూజీలాండ్ దక్షిణాన ఉన్న బిగ్ సౌత్ కేప్ దీవి తెలుసుకుంది. 1960ల మొదట్లో నల్ల ఎలుకలు ఆ దీవికి చేరాయి. నేల మీది గూళ్లే కాదు, చెట్ల మీది గూళ్లు, తొర్రలు కూడా వాటికి అందాయి. కొద్ది ఏళ్లలోనే అక్కడి బుష్ రెన్ అనే పిట్ట, ఒక ఉల్లంకి జాతి, ఒక గబ్బిలం జాతి లోకంలోనే లేకుండా పోయాయి. సాడిల్‌బ్యాక్ అనే పక్షి మాత్రం మిగిలింది, అదీ 1964లో అధికారులు 36 పక్షుల్ని పట్టి ఎలుకలు లేని దీవులకు తరలించారు కనక.

ఇంకో ఉదాహరణ ఇజ్రాయెల్‌ది. అక్కడ నాటిన జెరూసలేం పైన్ తోటల్లో నల్ల ఎలుకలు దాదాపు పూర్తిగా చెట్ల మీదే బతుకుతున్నట్టు రాన్ ఐస్నర్, జోసెఫ్ టెర్కెల్ గమనించారు. పైన్ కాయను అడుగు నుంచి వరసగా పొలుసు వెంట పొలుసు చీల్చితేనే గింజ దొరుకుతుంది; ఎక్కడపడితే అక్కడ కొరికితే దొరికే తిండి కంటే పోయే శక్తి ఎక్కువ. పెద్దయ్యాక పట్టుకొచ్చిన కొత్త ఎలుకలు ఎన్ని కాయలు ఇచ్చినా ఆ కిటుకు కనిపెట్టలేకపోయాయి. కిటుకు తెలిసిన తల్లి దగ్గర పెరిగిన పిల్లలు నేర్చుకున్నాయి. కిటుకు తెలియని తల్లికి పుట్టి, తెలిసిన తల్లి దగ్గర పెరిగినవి కూడా నేర్చుకున్నాయి. కాబట్టి అది రక్తంలో వచ్చింది కాదు, పెంపకంలో వచ్చింది. ఎక్కే కాళ్లు పుట్టుకతో వస్తాయి, పైకి పోయాక ఏం తినాలో తల్లి చూపిస్తుంది.

చెట్టు మీదే కాపురముండే ఎలుకను చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. కోనసీమ కొబ్బరి తోటల్లో రైతులు రోజూ చూసేదే. నల్ల ఎలుక కొబ్బరి మొవ్వులో గూడు కట్టుకుని, లేత కాయకు తొడిమ దగ్గర గుండ్రటి బెజ్జం పెట్టి లోపలిది తాగుతుంది, తింటుంది. బెజ్జం పడ్డ కాయ రాలిపోతుంది. మధ్యలో వేసిన కోకో కాయలనూ వదలదు. లక్షద్వీప్‌లోనైతే ఎలుక నేలకు దిగకుండా మట్ట నుంచి మట్టకు దూకుతూ తోటంతా తిరిగేస్తుంది. దీనికి శాస్త్రవేత్తలు చెప్పే విరుగుడు సులువైనది: నేలకు 2 మీటర్ల ఎత్తున కాండం చుట్టూ 40 సెంటీమీటర్ల వెడల్పున్న ఇనుప రేకు బిగించడం. గోరు దిగదు, దిండు అంటదు, ఎంత చాపినా ఆ 40 సెంటీమీటర్ల అవతలికి కాలు అందదు. అయితే మట్టలు ఒకదానికొకటి తాకుతున్న తోటలో ఈ రేకు వృథా. ఎలుక ఒకే ఒక్క రేకులేని చెట్టెక్కి మిగతావాటికి గాలిలోనే చేరుతుంది. అలాంటి చోట ఐదు చెట్లలో ఒకదాని మొవ్వులో బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు బిళ్లలు, 12 రోజుల ఎడంతో రెండుసార్లు పెట్టమంటారు. ఎలుకల మీద పనిచేసే కేంద్రం పశ్చిమ గోదావరిలోని మార్టేరు వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఎలుకల నివారణ మీద శిక్షణ ఇస్తారు.

పొలంలోని పందికొక్కుల్ని పట్టడంలో మాత్రం యానాదుల నైపుణ్యానికి సాటి లేదు. బొరియ నోరు కనిపెట్టి, కుండలో పొగ పెట్టి ఊది, రెండో నోటి దగ్గర కాచుకుని పట్టేస్తారు. దాచిన వెన్నులు కూడా వాళ్లకే. ఈ విద్య దూలం మీది ఎలుకకు పనికిరాదు, దానికి బొరియే లేదు.

కలకత్తా కథ కింది ఎలుకది. 1960ల్లో జె. జువాన్ స్పిల్లెట్ అనే పరిశోధకుడు నగరంలోని ధాన్యపు గోదాముల్లో ఎలుకల్ని పట్టి లెక్కతీశాడు. చిన్న పందికొక్కే అక్కడ రాజ్యమేలుతున్నట్టు తేలింది. 1968లో అచ్చయిన ఆయన పుస్తకం ఈ జంతువు మీద నేటికీ ముఖ్యమైన ఆధారం. ఎస్ప్లనేడ్ దగ్గరి కర్జన్ పార్కులో జనం పల్లీలు వేసి పోషించిన ఎలుకల కాలనీ కూడా ప్రసిద్ధమే. ఢాకురియా వంతెన పక్క మట్టిని ఎలుకలు గుల్ల చేస్తున్నాయన్న వార్తలు పత్రికల్లో పలుమార్లు వచ్చాయి. బియ్యం బస్తాలు నేల మీద దొంతర్లుగా ఉన్న చోట ఎక్కాల్సిన పనే లేదు కాబట్టి తవ్వేదే గెలుస్తుంది. తిండి అటకెక్కే ఇళ్లలో పైదే గెలుస్తుంది.

కింద తిరిగే ఎలుకకూ పైన తిరిగే ఎలుకకూ పొత్తు కుదిరితే ఏమవుతుందో ప్లేగు చూపించింది. 1896లో బొంబాయిలో, 1898లో కలకత్తాలో ప్లేగు బయటపడింది. ఖరగ్‌పూర్‌లో రైలు పట్టాలు పడుతున్న కాలమే అది. 1898లోనే కరాచీలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లూయీ సిమోన్ ఎలుక మీది గోమారి ద్వారా జబ్బు సోకుతుందని ప్రయోగంలో చూపాడు. తరవాత బొంబాయిలో ప్లేగు పరిశోధకులు వరస కూడా పట్టుకున్నారు: ముందు మురుగు కాలువల్లోని గోధుమ ఎలుకలు చచ్చేవి, ఆ తరవాత ఇళ్లలోని నల్ల ఎలుకలు, ఆపైన మనుషులు. చావబోయే ఎలుక పైకప్పు పెంకుల సందుల్లోంచి నిద్రపోతున్నవాళ్ల పక్కనే రాలేది. దాని ఒళ్లు చల్లబడగానే గోమార్లు వెచ్చటి ఒంటిని వెతుక్కునేవి. ఎలుకలు రాలడం మొదలైతే ఊరు ఖాళీ చేయాలని జనం నేర్చుకున్నది అప్పుడే.

ఓడల్లోకి ఎలుకలు ఎక్కేదీ దిగేదీ ఎక్కువగా ఓడను రేవుకు కట్టే తాళ్ల మీదుగా. అందుకే విశాఖ వంటి రేవుల్లో కట్టిన ఓడల తాళ్లకు గుండ్రటి రేకు పళ్లేలు తొడుగుతారు. మూడడుగుల వెడల్పున్న ఆ పళ్లెం దాకా నడిచొచ్చిన ఎలుక దాన్ని చుట్టిరాలేక వెనక్కి తిరుగుతుంది. కొబ్బరి చెట్టు రేకుదీ దీనిదీ ఒకటే సూత్రం. ఓడలో ఎలుకలు లేవని పూర్వం ప్రత్యేక పత్రం ఇచ్చేవారు. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2007లో అమలులోకి వచ్చాక అది మొత్తం ఓడ పారిశుధ్య పత్రంగా మారింది.

రైల్వేకు ఇలాంటి పళ్లెం లేదు. లక్నో డివిజన్‌లో మూడేళ్లలో 69.5 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి 168 ఎలుకల్ని పట్టారని సమాచార హక్కు జవాబు ఆధారంగా 2023లో వార్త వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని జనం నవ్వుకున్నారు. ఆ డబ్బు ఎలుకల్ని లెక్కపెట్టి ఇచ్చింది కాదు, వేల పెట్టెల్లో మందు పెట్టి అవి చేరకుండా చూడటానికి అని రైల్వే వివరణ ఇచ్చింది. వివరణలో న్యాయముంది. ఎలుకల పనిని పట్టిన ఎలుకలతో కొలవడం తప్పే, రాని ఎలుకలతో కొలవాలి.

ఇంటికి వస్తే, పైన తిరిగేదానికి పైనే అడ్డుకట్ట వేయాలి. పైకప్పుకు ఒకటిన్నర మీటర్ల దగ్గరలో ఏ కొమ్మా లేకుండా కొట్టేయాలి, ఎందుకంటే ఎలుక అడ్డంగా దూకే దూరం అంతకు తక్కువే. వాననీటి గొట్టం పై నోటికీ, వెంటిలేటర్లకూ 6 మిల్లీమీటర్ల కన్నుల ఇనుప జాలీ కొట్టాలి. ప్లాస్టిక్ జాలీని రాత్రికి రాత్రే కొరికేస్తుంది. బోనును మరక కనిపించిన దూలం మీదే కట్టాలి. కొత్త వస్తువును ఎలుక నాలుగైదు రోజులు నమ్మదు కనక, మొదట ఎర పెట్టి తలుపు బిగించకుండా వదలాలి, అలవాటు పడ్డాక బిగించాలి. మందు పెడితే చచ్చిన ఎలుక అటక మూల కుళ్లుతుంది, దాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకూ ముప్పు. కాబట్టి అది చివరి మార్గం.

వరస క్వార్టర్లలో కప్పులు, తీగలు, చెట్లు కలిసే ఉంటాయి. ఒక ఇంట్లో జాలీ కొడితే ఎలుక పక్కింటికి మారుతుంది, అంతే. ఝపటాపూర్ అయినా ఇంకే పేట అయినా, వరసలోని ఇళ్లవాళ్లంతా కూడబలుక్కుని, వానాకాలంలో ఎలుకలు ఇళ్లు వెతుక్కోక ముందే, ఒకే వారంలో కొమ్మలు కొట్టి సందులు మూయించండి.